నైట్ డ్యూటీ కాదు గొడవ, చార్టు తిరిగే దిక్కు

నేను పాల ట్యాంకర్ తోలతానని చెప్పగానే ఎవరైనా ఫస్ట్ అనే మాట "అయితే నైట్ డ్యూటీలు పడతాయిగా, కష్టం కదన్నా" అని. కష్టమే, కాదనట్లేదు, కానీ జనం అనుకునే కష్టం వేరు, మాకున్నది వేరు. నిజం చెప్పాలంటే రాత్రి బండి తోలడం నాకు ఇష్టం. రోడ్డు ఖాళీగా ఉంటది, ఎండ ఉండదు, టైర్లు వేడెక్కవు, ట్యాంకులో పాలు ఎక్కించినంత చల్లగానే దిగుతాయి, పగలు వారధి మీద ఇరుక్కుపోయే బండి రాత్రి పూట కృష్ణ ఎప్పుడు దాటిందో కూడా తెలీదు. మమ్మల్ని పీల్చి పిప్పి చేసేది రాత్రి కాదు. వారం వారం మారే షిఫ్టు, అందులోనూ ఆ మార్పు ఏ వైపుకి జరుగుతోంది అన్నది. దీని మీద మా దగ్గర ఎవరితో మాట్లాడినా "అందరికీ ఒకేలా పడుతోంది కదా, నీకొక్కడికేనా" అంటారు. నా పేచీ అంతా ఆ వాదన మీదే.

ముందు ఈ పని ఎట్టా నడుస్తదో చెప్తా, తెలిసినోళ్ళు ఈ ముక్క దాటేసి కిందకి పోవచ్చు. గేదె రెండు పూటలా ఇస్తది. తెల్లారుజామున పితికిన పాలు ఆరున్నర ఏడుకల్లా ఊళ్ళో కేంద్రానికి వస్తాయి, అక్కడ వెన్న శాతం, ఎస్సెన్నెఫ్ (అంటే వెన్న కాక పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం) చూసి రైతు పేరు మీద రాస్తారు, ఆ తర్వాత క్యాన్లలో ఆటో ఎక్కి దగ్గర్లోని బీఎంసీకి పోతాయి. బీఎంసీ అంటే పెద్ద స్టీలు కూలర్ ఉన్న సెంటర్. పొదుగులోంచి వచ్చినప్పుడు గోరువెచ్చగా ఉండే పాలని అక్కడ 4 డిగ్రీలకి దించుతారు, దించితే బ్యాక్టీరియా పెరగడం బాగా మందగిస్తది, మందగిస్తది అంతే, ఆగదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మళ్ళీ ఇదే తంతు. మా ట్యాంకర్లు పోయేది ఈ బీఎంసీలకే. ట్యాంకర్‌లో ఫ్రిజ్ లాంటిది ఉంటదని చాలామంది అనుకుంటారు, ఏమీ ఉండదు. రెండు పొరల స్టీలు, మధ్యలో పఫ్ అనే వేడిని ఆపే నురుగు పొర, అంతే. చల్లటి పాలు పోస్తే చల్లగా ఉంచుతది, వెచ్చటి పాలు పోస్తే వెచ్చగానే ఉంచుతది. కాబట్టి సాయంత్రం పాలు రాత్రికే లాగేయాలి, లేకపోతే పొద్దున పాలకి బీఎంసీలో చోటుండదు, పొద్దున పాలు మధ్యాహ్నానికి డైరీ చేరాలి, ఎండ ముదిరేలోపు. ఈ మధ్యలో ఒక ప్లాంటు నుంచి ఇంకో ప్లాంటుకి పోయే లోడ్లు వేరే. అందుకే బండికి రెస్ట్ ఉండదు, మనుషులే మారుతుంటారు.

మన పాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇది నిన్న మొన్న మొదలైన పని కాదు. బెజవాడ చిట్టినగర్ పాల ఫ్యాక్టరీ 1960ల్లో యూనిసెఫ్ సాయంతో వచ్చిందే, గుంటూరు వైపు సంగం డైరీ 1977 నాటిది, ఇప్పుడు వడ్లమూడిలో ఉంది. ఇవి కాక ప్రైవేట్ డైరీలు బోలెడు. నేను ఎవరికి తోలతానో చెప్పను, అవసరం లేదు కూడా, ఎందుకంటే బండి కాంట్రాక్టర్‌ది, జీతం కాంట్రాక్టర్‌ది, పాలు మాత్రం డైరీవి. నా రూటు ఎక్కువగా గుంటూరు నుంచి సత్తెనపల్లి, నరసరావుపేట వైపు, అప్పుడప్పుడు కృష్ణ దాటి నందిగామ, మైలవరం వైపు. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క కాంట్రాక్టర్ గురించో కాదు, చాలా చోట్ల ఇంతే నడుస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. మాకు మూడు షిఫ్టులు. ఫస్ట్ పొద్దున 5 నుంచి మధ్యాహ్నం 1 దాకా, సెకండ్ 1 నుంచి రాత్రి 9 దాకా, నైట్ 9 నుంచి పొద్దున 5 దాకా. వారానికోసారి మారుతుంది. ఎట్టా మారుతుందంటే ఈ వారం నైట్ చేసినోడు వచ్చే వారం సెకండ్, ఆ పై వారం ఫస్ట్, ఆ తర్వాత మళ్ళీ నైట్. గడియారం ముళ్ళు తిరిగే వైపు కాకుండా వెనక్కి. చార్టు మీద చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తది, మూడు గళ్ళు, మూడు పేర్లు, వారానికో గడి జరుగుతున్నాయి. కానీ మారే రోజు ఏం జరుగుతుందో చూడండి. ఆదివారం పొద్దున 5కి నైట్ దిగినోడు అదే రోజు మధ్యాహ్నం 1కి సెకండ్ ఎక్కాలి. సెకండ్ ఆఖరి రోజు రాత్రి 9కి దిగినోడు తెల్లారి 5కే ఫస్ట్‌కి రావాలి. ఫస్ట్ చేసి మధ్యాహ్నం 1కి దిగినోడు ఆ రాత్రి 9కే నైట్ ఎక్కాలి. మూడు మార్పుల్లోనూ మధ్యలో గ్యాప్ 8 గంటలే. ఆ 8 గంటల్లోనే ఇంటికి పోవడం, స్నానం, తిండి, నిద్ర, మళ్ళీ రావడం.

అదే చార్టుని ముందుకి తిప్పితే, అంటే ఫస్ట్ తర్వాత సెకండ్, సెకండ్ తర్వాత నైట్, నైట్ తర్వాత ఫస్ట్ వేస్తే, ప్రతి మార్పు దగ్గరా గ్యాప్ 24 గంటలు వస్తది. ఫస్ట్ ఆదివారం 1కి దిగితే సెకండ్ సోమవారం 1కి. మనుషులు వాళ్ళే, బండ్లు అవే, షిఫ్టులు అవే. బాణం గుర్తు అటు నుంచి ఇటు తిప్పడమే.

మరి ఎందుకు తిప్పరు? నేను చాలా రోజులు ఇది ఎవడో తెలియక గీసిన చార్టు, అట్టాగే కొనసాగుతోంది అనుకున్నా. ఒకరోజు డాక్ దగ్గర, అంటే డైరీలో పాలు దించే చోట, లైన్లో ఉండి ట్రిప్ షీట్ వెనకాల లెక్క వేసి చూశా. వీక్లీ ఆఫ్ సంగతి పక్కన పెట్టండి, అది సగం కాగితం మీదే ఉంటది కాబట్టి పెద్ద తేడా రాదు. మూడు వారాలంటే 21 రోజులు. షిఫ్టు మారకుండా ఒకే టైంలో చేస్తే 21 డ్యూటీలు. వెనక్కి తిరిగే చార్టులో ప్రతి మార్పుకీ 8 గంటలు మన దగ్గర్నుంచి కొట్టేస్తున్నారు, మూడు మార్పులకి 24 గంటలు, అంటే 21 రోజుల్లో 22 డ్యూటీలు. ముందుకి తిరిగే చార్టులో ప్రతి మార్పుకీ 8 గంటలు మనకే మిగులుతాయి, 21 రోజుల్లో 20 డ్యూటీలు. తేడా ఒక్కో డ్రైవర్ మీద మూడు వారాలకి రెండు డ్యూటీలు. పది మంది డ్రైవర్లున్న చోట ఇరవై డ్యూటీలు. దానికి ఒక స్పేర్ డ్రైవర్ని పెట్టుకోవాలి. ఆ స్పేర్ డ్రైవర్ జీతం మిగులుతోంది చూడండి, అదీ ఈ చార్టు గొప్పతనం. అందరికీ ఒకేలా పడుతోందంటే మరి, అందరి దగ్గరా ఒకేలా కోస్తున్నారని కూడా అర్థం వస్తది కదా.

"అలవాటైపోద్దిలేరా" అంటారు సీనియర్లు. వాళ్ళ మీద గౌరవం ఉంది గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను. మన ఒంట్లో ఒక గడియారం ఉంటదని, అది వెలుతురుని బట్టి నడుస్తదని ఇప్పుడు అందరికీ తెలిసిందే, దాన్ని నడిపే జీన్స్ ఎట్టా పనిచేస్తాయో కనిపెట్టినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా వాళ్ళకి నోబెల్ ఇచ్చారు, వాళ్ళు చూసింది పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో. ఆ గడియారం కొత్త టైంకి జరగాలంటే సుమారుగా రోజుకి గంట చొప్పున జరుగుతది. 8 గంటలు జరగాలంటే వారం పైనే. మా చార్టు సరిగ్గా వారానికోసారి మారుద్ది! అంటే ఒళ్ళు కొత్త టైంకి కాస్త దగ్గరకొచ్చే సరికి మళ్ళీ గుంజుతారు. పైగా ఈ గడియారం ముందుకి అయితే కాస్త తేలిగ్గా జరుగుద్ది, వెనక్కి జరగడమే దానికి కష్టం. లేటుగా పడుకోమంటే ఎవడైనా పడుకుంటాడు, రోజూ పన్నెండుకి పడుకునేవాణ్ణి సాయంత్రం ఏడుకే పడుకోమంటే నిద్ర పట్టదు, కళ్ళు మూసుకుని ఫ్యాన్ చూస్తూ ఉంటాడు. నైట్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి ఫస్ట్‌కి తిప్పడం అంటే వారం వారం మమ్మల్ని సాయంత్రం ఏడుకి పడుకోమనడమే.

పగటి నిద్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆఫీసులో కూర్చుని చార్టు గీసేవాళ్ళకి "8 గంటల గ్యాప్ ఇచ్చాం కదా" అనేది పెద్ద ధీమా. మేం ఉండే సందులో పొద్దున ఏడుకి చెత్త బండి పాటతో వస్తది, ఎనిమిదికి ఉల్లిపాయల ఆటో మైకు, ఆ తర్వాత పాత ఇనుము ప్లాస్టిక్ కొంటాం అనే ఇంకో మైకు, పక్కింటి మిక్సీ, పైనింట్లో బట్టలు బాదడం, మధ్యలో కొరియర్ కుర్రాడు. మా ఆవిడ తలుపుకి దుప్పటి కట్టి పిల్లల్ని గుసగుసలాడమంటది, పాపం ఎంతసేపని గుసగుసలాడతారు వాళ్ళు మాత్రం. మే నెల అయితే ఇంక చెప్పక్కర్లేదు, బెజవాడ గుంటూరు ఎండలు తెలియని తెలుగోడు లేడు, శ్లాబు కింద మధ్యాహ్నం పడుకుంటే నిద్ర కాదు ఉడకడమే, కరెంటు పోతే అదీ లేదు. పగలు ఎంత పడుకున్నా నాలుగైదు గంటలకి మెలకువ వచ్చేస్తది, ఒంట్లో గడియారం ఇది పగలు లేవరా అని లేపుద్ది. కాబట్టి కాగితం మీది 8 గంటల గ్యాపులో రానూపోనూ, తిండీ పోను మిగిలే నిద్ర రెండు మూడు గంటలు. ఫస్ట్ దిగి నైట్ ఎక్కే రోజు అది కూడా ఉండదు, మధ్యాహ్నం మూడింటికి పడుకుంటే ఐదింటికి పిల్లలు స్కూల్ నుంచి వచ్చేస్తారు.

ఆ రోజు లెక్క చూడండి ఒకసారి. ఫస్ట్ షిఫ్టుకి రావడానికి తెల్లారుజామున 4కి లేస్తాం. మధ్యాహ్నం నిద్ర పట్టలేదు అనుకోండి. రాత్రి 9కి బండెక్కితే, ఆ రాత్రి 3 గంటలకి, లేచి 23 గంటలు. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందిని మేలుకోబెట్టి పరీక్షలు చేశారు, 17 గంటలు మేలుకున్నోడి చేతి కంటి చురుకు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నోడితో సమానంగా పడిపోయింది, 24 గంటలు మేలుకుంటే 0.10 శాతంతో సమానం. మన మోటార్ వెహికల్స్ చట్టంలో సెక్షన్ 185 ప్రకారం లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చుక్క మందు ముట్టకుండానే చార్టు మమ్మల్ని మూడు లిమిట్లు దాటించేస్తోంది! బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసు ఆపి మిషన్‌లో ఊదమంటాడు, ఊదుతాం, జీరో వస్తది, పొమ్మంటాడు. నువ్వు ఎప్పుడు లేచావురా అని మాత్రం ఎవరూ అడగరు. పోలీసుల్ని అనడానికేం లేదు, రాత్రి పూట హైవే మీద బండ్లు ఆపి ఫేస్ వాష్ అండ్ గో అని మొహం కడిగించి పంపుతారు, కొన్ని చోట్ల టీ కూడా ఇస్తారు, మంచి పనే. కానీ చల్లనీళ్ళు కొట్టుకుంటే ఎంతసేపు, పది పదిహేను నిమిషాలు. పేరేచర్ల దాటేసరికి మళ్ళీ మొదలు.

మీకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. బీఎంసీలో బండి కదిలేటప్పుడు డిప్ (కొలత కడ్డీ) వేసి ఎన్ని లీటర్లో రాస్తారు, శాంపిల్ తీస్తారు, పై మూతకీ కింద వాల్వుకీ నంబర్ సీలు వేస్తారు, టెంపరేచర్ రాస్తారు, టైం రాస్తారు. డైరీలో మళ్ళీ ఇవన్నీ చూసి, అవి కాక టెస్ట్ ట్యూబులో కాసిని పాలు మరిగించి విరుగుతాయేమో చూస్తారు, విరిగితే బండి మొత్తం రిజెక్ట్. ఇన్ని గళ్ళున్న ఆ షీటులో డ్రైవర్ ఎన్ని గంటలు పడుకుని వచ్చాడు అనే గడి లేదు. పెట్టమంటే నవ్వారు.

రోడ్డు తెలియని వాళ్ళ కోసం ఇంకో మాట. పాల బండి మామూలు లారీ లాంటిది కాదు. లీటరు పాలు కేజీ కన్నా ఎక్కువే తూగుతాయి, సుమారు కేజీ ముప్పై గ్రాములు, పది వేల లీటర్లంటే పది టన్నుల మూడొందల కేజీలు. ట్యాంకు నిండుగా ఉంటే బాధ లేదు, లోపల కదలడానికి చోటుండదు. ఖాళీ అయినా బాధ లేదు. సగం లోడుతోనే చిక్కు. సగం నీళ్ళున్న బిందె చంకన పెట్టుకుని పరిగెత్తి ఠక్కున ఆగండి తెలుస్తది, మీరు ఆగినా నీళ్ళు ఆగవు. బ్రేక్ కొట్టాక పాలు ముందుకొచ్చి బండిని వెనక నుంచి ఇంకో తోపు తోస్తాయి, ఒంపులో తిప్పితే ఒక పక్కకి ఒరుగుతాయి, దుర్గమ్మ కొండ కింద కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఆ వంపు తిరిగేటప్పుడు స్టీరింగ్‌లోనే తెలుస్తది. ట్యాంకుని గదులుగా కట్టిన బండ్లలో ఇది తక్కువ, కానీ గది సగమే నిండితే ఆ గదిలో అంతే. నిండు సీజన్‌లో, అంటే గేదెలు ఎక్కువ పాలిచ్చే చలికాలంలో బండ్లు నిండుతాయి. ఎండాకాలం పాలు పడిపోతాయి, సగం లోడు కోసం ఎక్కువ సెంటర్లు తిరగాలి, అంటే ఎక్కువ దూరం, ఎక్కువ టైం, ఆ సగం లోడుతోనే. ఆ ఎండాకాలమే పగలు నిద్ర పట్టని కాలం కూడా.

ఇక మా రోడ్ల మీద రాత్రి ఏముంటదో వేరే చెప్పాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని ట్రాక్టర్లు వస్తుంటాయి, ట్రక్కు అవతల రెండు వైపులా పొంగిపొర్లేంత లోడు, వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ మీద గోనె వేలాడుతుంటది. ధాన్యం టైంలో రోడ్డు మీద సగం వడ్లు ఆరబోసి చుట్టూ బండరాళ్ళు పెట్టి ఉంటాయి, రైతు ఏం చేస్తాడు కళ్ళం లేకపోతే, కానీ రాత్రి ఆ రాయి కనపడదు. సంక్రాంతి ముందు మంచు. అరవై స్పీడులో బండి సెకనుకి పదహారు పదిహేడు మీటర్లు పోతది, మూడు సెకన్లు రెప్ప పడితే యాభై మీటర్లు కళ్ళు మూసుకుని తోలినట్టే. ఆ మూడు సెకన్ల కునుకు మనకి తెలిసి రాదు, అదే దాని ప్రమాదం, మెలకువగానే ఉన్నా అనుకుంటాం. ఒంట్లో వేడి బాగా తగ్గేది, నిద్ర బాగా ముంచుకొచ్చేది తెల్లారుజామున 3 నుంచి 5 మధ్య. సాయంత్రం పాలు లోడు చేసుకుని డైరీ వైపు వచ్చే టైం కూడా సరిగ్గా అదే.

చట్టం లేదా అంటే ఉంది, భేషుగ్గా ఉంది. 2025 నవంబర్ దాకా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం, 1961 ఉండేది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, లాంగ్ రూట్లకీ పండగలకీ పర్మిషన్ తీసుకుని రోజుకి 10, వారానికి 54 దాకా. ఐదు గంటలు చేశాక అరగంట రెస్ట్. వారానికో సెలవు. ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట్లకి వర్తించేది, కొంతమంది బండ్లు ఇద్దరు ముగ్గురు పేర్ల మీద ఎందుకు రాయించి ఉంటాయో అర్థం చేసుకోండి. దీన్ని 2020లో పార్లమెంటు చేసిన కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు, ఆ కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అయితే ఆ పాత చట్టంలోనే ఒక చిత్రం ఉంది. పని గంటల్లోకి ఏమేం వస్తాయో చెప్పే చోట, టెర్మినల్ దగ్గర ఊరికే ఉండే టైం పదిహేను నిమిషాల లోపు అయితే లెక్కలోకి వస్తదని రాశారు. బస్సుల్ని మనసులో పెట్టుకుని రాసి ఉంటారు. మా పనిలో డాక్ దగ్గర లైను గంట, రెండు గంటలు, సీజన్లో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ట్యాంకు కడగాలి, వేడి కాస్టిక్ నీళ్ళు తిప్పి, మళ్ళీ మంచినీళ్ళు తిప్పి, అది అయ్యేదాకా బండి వదలడానికి లేదు. ఈ టైం అంతా మాకు డ్యూటీ, వాళ్ళ లెక్కలో మాత్రం "ఖాళీగానే కూర్చున్నావుగా". అందువల్ల 8 గంటల గ్యాప్ అనేది కూడా 5కి దిగితేనే 8. లైన్లో ఇరుక్కుని 7కి దిగితే ఆరు. చార్టు మాత్రం మధ్యాహ్నం 1కి రమ్మనే ఉంటది.

ఎదుటి వైపు వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. కాంట్రాక్టర్ అనేది ఏంటంటే, పాలు ఆగవు, గేదెకి ఆదివారం తెలీదు, నాకు డైరీ ఇచ్చే రేటులో స్పేర్ డ్రైవర్ని పెట్టుకోలేను. ఇందులో మొదటి సగం నిజం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదకి నీళ్ళొచ్చి రోడ్డు బంద్ అయినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, మాలో ఎవడూ చార్టు చూడలేదు. క్యాబిన్లోనే పడుకున్నాం, ఎవడు మేలుకుని ఉంటే వాడు తోలాడు. పడవల్లో, ఆఖరికి డ్రోన్లతో కూడా సామాన్లు ఇస్తున్న రోజులవి, ఒక్క పాల ప్యాకెట్ కోసం మేడల మీద నుంచి చేతులు ఊపుతున్నారు జనం. అప్పుడు షిఫ్టు గురించి మాట్లాడితే మనిషి కాదు. కానీ అది వరద. వరద అప్పుడు చేసినట్టు ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం చేయమంటేనే నా అభ్యంతరం. డైరీ రేటు సంగతి మాత్రం నిజంగా ఉంది, కిలోమీటర్ మీద రేటు కట్టేటప్పుడు డ్రైవర్ ఎంతమంది అని డైరీ అడగదు, బండి ఎన్ని లీటర్లది, ఏ సంవత్సరంది అని అడుగుద్ది. అడగాల్సింది అక్కడ.

మా వాళ్ళలో కొంతమంది అసలు తిప్పడమే వద్దు, నైట్ ఇష్టమున్నోడికి నైటే ఇచ్చేయండి అంటారు. మొదట్లో నేనూ దీనికే మొగ్గా. రాత్రి రోడ్డు ఇష్టమున్నోళ్ళు, పగలు ఇంకో చిన్న యాపారం చూసుకునేవాళ్ళు మాలో ఉన్నారు. కానీ చదివిన కొద్దీ తెలిసిందేంటంటే పర్మనెంట్‌గా నైట్ చేసేవాళ్ళలో కూడా ఎక్కువ మందికి ఒళ్ళు పూర్తిగా మారదు, ఇంటికి పోయే దారిలో ఎండ మొహాన కొట్టగానే లోపలి గడియారం మళ్ళీ పగటికే పోతది, సెలవు రోజున పెళ్ళికో పేరంటానికో పోయి పగలంతా తిరిగితే మొత్తం మొదటికి. కేన్సర్ మీద పరిశోధన చేసే ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ సంస్థ నైట్ షిఫ్టు పనిని కేన్సర్ తెప్పించే అవకాశం ఉన్న లిస్టులో 2007లో పెట్టింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది. అదే లిస్టులో మటన్ కూడా ఉంది లెండి, మరీ బెదిరిపోనక్కర్లేదు. నైటే కావాలన్నోడికి నైట్ ఇవ్వొచ్చు, దానికి డబ్బులు ఎక్కువ ఇవ్వాలి, ఏటా ఒకసారి షుగర్ బీపీ చూపించాలి. అంతేగాని నైట్ అందరి నెత్తినా కొంచెం కొంచెం రుద్ది, అందరూ మోస్తున్నారు కాబట్టి ఎవరికీ ఎక్స్‌ట్రా ఇవ్వక్కర్లేదు అనడం ఒక తెలివి.

కునుకు సంగతి కూడా చెప్పాలి. నాసా వాళ్ళు పైలట్ల మీద చేసిన పరీక్షలో సీట్లోనే సగటున 26 నిమిషాలు కునుకు తీసినోళ్ళు తీయనోళ్ళ కన్నా బాగా చురుగ్గా ఉన్నారు. ఆకాశంలో ఇంకో పైలట్ ఉంటాడు, మాకు క్లీనర్ కూడా ఇప్పుడు చాలా బండ్ల మీద లేడు. కానీ డాక్ దగ్గర లైను ఉంది కదా, గంటలు గంటలు. అక్కడ టోకెన్ ఇచ్చి, నంబర్ వచ్చినప్పుడు లేపితే చాలు, ఆ టైంలో పడుకోవచ్చు. ఇప్పుడు ఏం చేస్తామంటే బండి బండికి రెండు అడుగులు జరుగుతూ ఉంటాం, జరగకపోతే వెనకోడు దూరేస్తాడు, అందుకని లైన్లో కళ్ళు మూయలేం. టోకెన్ పద్ధతికి పైసా ఖర్చు లేదు. మిర్చి యార్డులో, ఆసుపత్రిలో, ఆఖరికి ఆధార్ సెంటర్లో కూడా టోకెన్ ఉంది. క్యాబిన్ ఏసీ 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద బండ్లకి కంపల్సరీ చేశారు, మంచిదే, నా బండి అంతకు ముందుది కాబట్టి నాకు అద్దం దించుకోవడమే ఏసీ.

ఇక ఇప్పుడు మా దగ్గర నడుస్తున్న గొడవ. చార్టు ముందుకి తిప్పమని నేను, ఇంకో నలుగురం అడుగుతున్నాం. అడ్డుపడుతున్నది కాంట్రాక్టర్ ఒక్కడే కాదు, మాలోనే ఒక బాబాయ్ ఉన్నాడు, వయసులో పెద్దోడు, ఇద్దరు కూతుళ్ళ చదువులు. ఆయన లెక్క ఆయనది. "నువ్వు చెప్పిన 22, 20 నాకూ అర్థమైందిరా, ఆ రెండు డ్యూటీల బత్తా నాకు ఎవరిస్తారు, నువ్విస్తావా?" అన్నాడు. ఆ మాటకి చాలామంది అటు తిరిగారు, తప్పు పట్టను. బత్తా డ్యూటీకి కడితే డ్యూటీలు తగ్గితే డబ్బులు తగ్గుతాయి, అది ఎవడికైనా భయమే. నేను చెప్పేది ఏంటంటే చార్టు ఒక్కటే మార్చమని అడిగితే బాబాయ్ గెలుస్తాడు, గెలవాలి కూడా. రెండూ కలిపి అడగాలి. బత్తాని డ్యూటీకి కాకుండా నెలకి కట్టండి, ఇప్పుడు నెలకి ఎంత చేతికొస్తోందో అంతకి తగ్గకుండా, నైట్ వారానికి పైన ఇంకొంత, డాక్ దగ్గర వెయిటింగ్ గంటకి ఇంత అని. వెయిటింగ్‌కి డబ్బులు కట్టాల్సి వస్తే లైను దానంతట అదే తగ్గుద్ది, డైరీ వాళ్ళే తగ్గించుకుంటారు. స్పేర్ డ్రైవర్ ఖర్చు కాంట్రాక్టర్ ఒక్కడే మోయలేనంటే, కిలోమీటర్ రేటు కట్టే కాగితంలో బండికి ఇంతమంది డ్రైవర్లు ఉండాలి అని ఒక లైను చేర్చమని డైరీని అడుగుదాం, దానికి కాంట్రాక్టర్ కూడా మాతో వస్తాడు, వాడి జేబులోంచి పోదు కాబట్టి. బాబాయ్‌కి ఇది చెప్తే "ముందు నెల బత్తా రాయించుకురా, సంతకం నేనే ఫస్ట్ పెడతా" అన్నాడు. రాయించుకురావాలి.